తెల్ల సీసా

మార్కాపురంలో మా ఇంటికి ఈ మధ్య ఇంజనీరింగ్ చదివిన పిల్లలు వస్తున్నారు. హైదరాబాదులో టీకాల కంపెనీల్లోనూ, బయోటెక్ కంపెనీల్లోనూ చేరబోయేవాళ్ళు. కూర్చోగానే "తాతా, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?" అంటారు. నాకు తెలియదు నాయనలారా. నన్ను ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషి "బాయిలరు దగ్గర ఎనిమిది గంటలు నిలబడగలవా?" అని ఒక్కటే అడిగాడు. నిలబడగలనన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా నిలబడ్డాను.

మా తాలూకా కర్నూలు జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ప్రకాశం జిల్లాలోకి మారిన కొద్ది ఏళ్ళకు నేను ఉద్యోగంలో చేరాను. బయోటెక్ అన్న మాట అప్పటికి మాలో ఎవరి నోటా లేదు. హైదరాబాదు శివార్లలో గొర్రెలకు, మేకలకు టీకాలు చేసే ఫ్యాక్టరీ అది. పేరుతో మీకు పని లేదు. నేను చదివింది మెకానికల్. పైపులు, వాల్వులు, ఆవిరి, ట్యాంకులు నా వంతు, ట్యాంకు లోపల పెరిగే క్రిములు ఇంకెవరి వంతో అనుకుని చేరాను. ఆ భ్రమ వదలడానికి ఆరు నెలలు కూడా పట్టలేదు.

ప్రమోషన్ల గురించి, ఫైళ్ళ గురించి ఇక్కడ రాయను. రాస్తే నాకే ఆవులింతలొస్తాయి. నాకు పని నేర్పిన ఇద్దరు ముగ్గురి గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. ఒకటి చిన్నది. రెండోది చిన్నది కాదు.

చార్టు, ముక్కు

మస్తాన్ భాయ్ మా ట్యాంకుల ఆపరేటరు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. మాంసం ఉడికించిన రసంలో, గాలి తగలకుండా, చిటుకు రోగం తెచ్చే క్రిమిని పెంచడం మా పని. అది విడిచే విషాన్ని విరిచి, దాన్నే మందుగా మారుస్తాం. చిటుకు రోగమంటే మా వైపు గొర్రెలు కాసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తొలకరికి లేత గడ్డి మొలిచిందంటే వచ్చి పడుతుంది. బక్క పిల్లల జోలికి పోదు. బాగా తిని బలిసిన పిల్లలే పొద్దున గంతులేసి మధ్యాహ్నానికి కాళ్ళు కొట్టుకుని పోతాయి.

ఒకరోజు మస్తాన్ భాయ్ వచ్చి, "సారూ, మూడో ట్యాంకు వాసన తేడాగా ఉంది" అన్నాడు. నేను గోడకున్న చార్టు చూశాను. వేడి సరిగ్గా ఉంది, ఒత్తిడి సరిగ్గా ఉంది.

"చార్టు బాగానే ఉంది కదా భాయ్."

"చార్టుకు ముక్కు లేదు సారూ."

నవ్వి పంపేశాను. రెండు రోజుల తర్వాత లేబొరేటరీ వాళ్ళు ట్యాంకులో వేరే క్రిమి చేరిందని చెప్పారు. నేను స్వయంగా బిగించిన రబ్బరు వాషరు ఒకటి ఆవిరికి ఉబ్బి పక్కకు జరిగింది. ఆ సందులోంచి వచ్చింది. మా మేనేజరు రామనాథం గారు ట్యాంకు మొత్తాన్ని ఆవిరితో ఉడికించి కాలువలోకి వదిలే వరకు నన్ను అక్కడే నిలబెట్టారు. మర్నాడు పిలిచి, "నెల రోజులు నీ చార్టులు మస్తాన్ చూస్తాడు. నువ్వు వాసన చూడు" అన్నారు. ఆ నెల రోజులు మస్తాన్ భాయ్ నన్ను ఆడుకున్నాడు. కానీ తనకు తెలిసిందంతా నేర్పాడు. ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి గురువు ఆయనే. ఆ మాట ఆయన ఉండగా ఎన్నడూ చెప్పకపోవడం నా పొగరు.

నేను చేసిన ఘనకార్యం

నాలుగైదేళ్ళు గడిచాయి. మా టీకా గోధుమరంగు సీసాల్లో వచ్చేది. నిండిన ప్రతి సీసానూ దీపానికి అడ్డం పెట్టి, పగుళ్ళున్నాయా, గాజు పలుకులున్నాయా అని చూసే ఆడవాళ్ళు ఎనిమిది మంది ఉండేవారు. ఆ రంగు గాజులోంచి చూసి చూసి వాళ్ళ కళ్ళు నీళ్ళు కారేవి. "ఇంజనీరు గారూ, ఇంటికి పోయి సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నామండీ" అంది వాళ్ళలో పెద్దావిడ. నాకు ఆ మాట పట్టుకుంది.

తెల్ల గాజు సీసాలకు మారదామని ప్రతిపాదన రాశాను. వెలుతురుకు మందు చెడుతుందేమో చూశాం, చెడలేదు. సీసాలు పగలలేదు, కడగడం తేలికైంది, మూతలు సరిపోయాయి. రామనాథం గారు సంతకం పెట్టారు. తనిఖీ చేసే ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని నాకు మైసూరు పాకు పెట్టె ఇచ్చారు. పది రోజులు నేను నేల మీద నడవలేదు.

ఒక సంగతి చెప్పాలి. ఆ టీకాలో పటికతో చేసిన తెల్లటి గుజ్జు కలుపుతాం. మందు బలమంతా ఆ గుజ్జునే పట్టుకుని ఉంటుంది. సీసాను కదపకుండా ఉంచితే గుజ్జు అడుగుకు దిగి పైన నీళ్ళు మిగులుతాయి. అందుకే "వాడేముందు బాగా కలపాలి" అని సీసా మీద మొదటి నుంచీ రాసి ఉంటుంది. రంగు సీసాలో అది దిగడం ఎవరి కంటా పడేది కాదు. తెల్ల సీసాలో చక్కగా కనబడేది. మాకు చూడ్డానికి ముచ్చటగానే ఉండేది.

నాయన కార్డు

మా నాయనకు మార్కాపురంలో దుకాణం ఉండేది. గొర్రెల మెడ గంటలు, పగ్గాలు, గొంగళ్ళు, బొచ్చు కత్తెరలు అమ్మేవాడు. చుట్టుపక్కల మందలున్న వాళ్ళంతా ఆ దుకాణానికే వచ్చేవారు. పెద్దారవీడు దగ్గర ఒక చిన్న పల్లెలో ఉండే గురవమ్మ వాళ్ళలో ఒకతె. భర్త పోయాక మందను ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. నాయనను అన్నా అనేది కాబట్టి నాకు అత్త. సూదులంటే నమ్మకం లేని ఆమెను అంతకు ముందు ఏడాది నాయనే వెంటబడి ఒప్పించాడు. "మావాడు చేసిన మందమ్మా" అని. ఆ ఏడు ఆమె మందలో ఒక్క పిల్ల పోలేదు. నాయన ఆ సంగతి దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

తెల్ల సీసాలు బజారుకు పోయిన తర్వాత వచ్చిన మొదటి తొలకరిలో నాయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. తన చిరునామాలో అలవాటుకొద్దీ కర్నూలు జిల్లా అని రాసి, కొట్టేసి, ప్రకాశం అని రాశాడు. రాసింది నాలుగు ముక్కలు. "గురవమ్మ మందలో పిల్లలు పోతున్నాయి. సూది వేయించినాక పోతున్నాయి. నా మాట మీద వేయించింది. బయలుదేరి రా."

కార్డు పట్టుకుని రామనాథం గారి దగ్గరికి పోయాను. రిజిస్టరు తీయించారు. ఆ బ్యాచి మా పరీక్షలన్నీ పాసైంది. "వెళ్ళి చూడు. అక్కడ నోరు తక్కువ, కళ్ళు ఎక్కువ వాడు" అన్నారు. అదే బ్యాచి సీసాలు పన్నెండు ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని బస్సెక్కాను.

మార్కాపురంలో నాయన కూడా బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. పెద్దారవీడులో దిగే ముందు, "పదకొండు పోయినాయంట" అన్నాడు.

గురవమ్మత్త తేట

తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే పోయాను. ఆమె దొడ్డి తడిక మూసి వచ్చి, "వచ్చినావా అల్లుడా? ఎండన పడి వచ్చినావు. ముందు నీళ్ళు తాగు" అంది.

మా వైపు నీళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకు తెలుసు. బావి నీళ్ళు నోట పెట్టలేం, కుంట నీళ్ళు ఎర్రమట్టి. చిల్లగింజ అరగదీసి బానలో కలిపి, కదపకుండా పెట్టి, తేట తీసుకుని తాగేవాళ్ళం. ఆ పనిలో గురవమ్మత్తకు పేరుంది. పల్లెలో పెళ్ళయితే తాగే నీళ్ళు తేర్చే పని ఆమెదే. నిద్రపోయే బిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో కడవ వంచి, నాకు చెంబు నింపి ఇచ్చింది. అడుగున మిగిలిన మట్టి నీళ్ళను పక్కనున్న బీరపాదుకు పోసింది.

నీళ్ళు తాగుతూ అడిగాను. "సూది ఎట్ల వేయించినావత్తా? మొదటి నుంచి చెప్పు."

"ఏముంది చెప్పేదానికి? నిరుడు సీసా నల్లంగా ఉండె. లోపల ఏముందో కనపడ్లా. కాశయ్య గిలక్కొట్టె, పొడిచె." కాశయ్య ఆ చుట్టుపక్కల పల్లెల్లో పశువులకు సూదులు వేసే మనిషి. "ఈ తూరి సీసా అద్దం మాదిరి ఉంది. చూస్తే అడుగున ఇంత మడ్డి!"

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

"ఏం చేసినావత్తా?"

"ఏం చేస్తా? పొద్దున్నే నీడన పెట్టినా. మధ్యానానికి బాగా తేరుకుంది. గిన్నె మరగబెట్టి, మూత తీసి, తేట అందులోకి వంచినా. కాశయ్య గిలక్కొట్టబోతే చేతి మీద ఒకటి కొట్టినా. మా అల్లుని ఫ్యాక్టరీలో నీళ్ళు మంచియ్యి కానట్టుండాయి, ఈ సంగతి యాడా అనబాకు, పిల్లోని ఉద్యోగానికి ఎసరు పెట్టబాకు అని చెప్పినా."

"మడ్డిని?"

"బీరపాదుకు పోసినా."

నాయన నా వైపు చూశాడు. ఆయనకు మందు సంగతి తెలియదు. కానీ నా మొహం చదవడం తెలుసు.

"అత్తా," అన్నాను, "ఆ మడ్డే మందు."

ఆమె బీరపాదు వైపు చూసింది. "అంటే నేను పిల్లలకు వట్టి నీళ్ళు పొడిపించినానా?"

"అవునత్తా."

"అయితే నేనే చంపుకున్నానా?"

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు ఇక్కడ ఆగి చదవండి. ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు ఉంది. సీసా మీద బాగా కలపాలని తెలుగులో రాసి ఉంది. ఆమెకు చదువు రాదు, కాశయ్యకు వచ్చు. తప్పు మీదేనంటే ఆమె నమ్మేది. జన్మంతా నమ్మేది. నా ఫ్యాక్టరీ, నా పేరు, నాయన మాట అన్నీ క్షేమంగా ఉండేవి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"కాదత్తా," అన్నాను. "సీసా మార్చింది నేను. మారిస్తే మీ చేతుల్లో అది ఏమైతదో చూడకుండా మార్చినా. తప్పు నాది."

ఆమె లేచి దొడ్డి దగ్గరికి పోయి, అటు తిరిగి తడిక పట్టుకుని నిలబడింది. కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మొహం తుడుచుకుని వచ్చింది.

"మిగిలినోటికి ఏంది దారి?"

మళ్ళీ సూది వేయాలన్నాను. మందు ఒంట పట్టడానికి రెండు వారాల దాకా పడుతుంది, అందాకా పచ్చగడ్డికి పోనీయకూడదు, గట్టు మీద ఎండుగడ్డే మేపాలన్నాను. ఫ్లాస్కులోంచి ఒక సీసా తీశాను. దారిలో కుదుపులకు కలిసిన గుజ్జు మేం మాట్లాడేలోపు అప్పుడే అడుగుకు దిగడం మొదలుపెట్టింది.

"ఇదే మందా?" అంది.

"ఇదే."

పదకొండు పిల్లలు పోయిన మందు. అది చేసినవాడే మళ్ళీ తెచ్చి, ఈసారి మడ్డితో సహా పొడిపించమంటున్నాడు. ఆమె నాయన వైపు చూసింది. నాయన తల అడ్డంగా ఊపాడు. "ఈ తూరి నేను చెప్పనమ్మా. వాడే చెప్పుకోవాల."

"నేను ఇంటికి పోను అత్తా," అన్నాను. "పదిహేను రోజులు ఇక్కడే నీ మంద ఎనకాల ఉంటా. పోతే నా కండ్ల ముందరే పోతాయి."

ఆమె చేయి చాపింది. సీసా ఇచ్చాను. ఎండకు ఎత్తి చూసి, నెమ్మదిగా రెండుసార్లు ఊపింది. తర్వాత గట్టిగా ఊపింది. గుజ్జు లేచి సీసా అంతా తెల్లబడింది.

"పాల మాదిరి అయిందే," అంది. "ఇట్లుండే దాన్ని నేను మడ్డి అంటి. మీగడ గదా ఇది. మీగడ ఎవురన్నా పారబోస్తారా?"

పదిహేను రోజులు

కాశయ్య వచ్చి మిగిలిన పిల్లలన్నిటికీ సూదులు వేశాడు. ప్రతి సీసానూ గురవమ్మత్తే ఊపి ఇచ్చింది. "అమ్మా, నా చేయి నొప్పి కంటే నీ చేయి నొప్పి ఎక్కువయ్యేట్టుంది" అన్నాడు కాశయ్య.

నేను కర్ర పట్టుకుని మంద వెంట పోయాను. బాయిలరు మాట వింటుంది, గొర్రెపిల్ల వినదు. పచ్చగడ్డి కనబడితే నా కాళ్ళ సందుల్లోంచి దూరిపోయేవి. అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. "అల్లుడా, నువ్వు ట్యాంకులకే పనికొస్తావులే" అంది.

రెండో రోజు ఒక పిల్ల పోయింది. నాలుగో రోజు రెండు. రెండో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అది కాళ్ళు కొట్టుకోవడం ఆగే దాకా. లేబొరేటరీలో మందు పరీక్షకు పెట్టిన కుందేళ్ళు పోతే రిజిస్టరులో గీత పెట్టేవాళ్ళం. అది వేరు. ఇంక మందు పట్టదేమో, బ్యాచిలోనే నిజంగా లోపం ఉందేమో, నా మాట నమ్మి ఈమె మళ్ళీ మోసపోయిందేమో అని భయం పట్టుకుంది. అయిదో రోజు పోలేదు. ఆరో రోజూ పోలేదు. పొద్దున తడిక తీసి నేను లెక్కపెడుతుంటే ఆమె పక్కన నిలబడేది. పదిహేనో రోజు కూడా లెక్క సరిపోయింది.

మొత్తం పద్నాలుగు పిల్లలు. వాటికి బదులు మేం ఏమిచ్చామో ఇక్కడ రాయను. ఇచ్చిందేదీ సరిపోలేదు.

బయలుదేరే రోజు ఆమె పల్లె బయటి దాకా వచ్చింది. "మడ్డి మందేనని నమ్మినాలే," అంది. "మరి నీళ్ళు? మీ ఫ్యాక్టరీలో నీళ్ళు నిజంగా మంచియ్యేనా?"

మంచివేనత్తా అన్నాను. సరేలే అంది గానీ ఆమె మొహంలో నమ్మకం కనిపించలేదు.

కారణం అనే గడి

ఫిర్యాదు కాగితంలో చివర కారణం అని ఒక గడి ఉంటుంది. రామనాథం గారు దాన్ని నా ముందుకు తోశారు. "వాడినవారి పొరపాటు అని రాస్తే ఇది ఇక్కడితో ముగుస్తుంది. నువ్వేం రాస్తావో రాయి."

సీసా మార్పు అని రాశాను. ప్రతిపాదించినవారు అని నా పేరు రాశాను.

ఆయన చదివి, "ఆ మార్పు మీద సంతకం ఎవరిదయ్యా?" అన్నారు.

"మీదేనండి."

"మరి నా పేరేదీ?" కలం తీసుకుని నా పేరు కింద తన పేరు రాసుకున్నారు. అన్నేళ్ళూ ఆయన్ని రాతి మనిషి అనుకున్నాను. మస్తాన్ భాయ్ ముందు ఆయన్ని వెక్కిరించేవాణ్ణి కూడా. ఆ రోజు నుంచి మానేశాను.

రంగు సీసాలకు తిరిగి పోదామంటే ఆ ఎనిమిది మంది కళ్ళు గుర్తొచ్చాయి. చీటీ వెడల్పు చేసి సీసా అడుగు కనబడకుండా మూసేద్దామనుకున్నాను. మళ్ళీ ఊరికి పోయినప్పుడు గురవమ్మత్తతో అంటే కసిరింది. "దాచేది ఏంది? దాస్తే దొంగసొమ్ము అనుకుంటాం. అది మీగడ అని చెప్పు, చాలు." అట్లాగే రాశాం. "అడుగున ఉన్నది మందు మీగడ. పారబోయవద్దు. తెల్లగా అయ్యేదాకా ఊపండి." పక్కన సీసా ఊపే చేతి బొమ్మ. లేబొరేటరీ వాళ్ళు మీగడ ఏమిటని నవ్వారు. మీగడ పైన కదా కట్టేది అన్నారు. గొర్రెలవాళ్ళకు అర్థమవుతుందా, లేదా అని మాత్రం రామనాథం గారు అడిగారు. అర్థమవుతుందన్నాను.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూత మార్చినా, చీటీ మార్చినా, అయిదు ఇళ్ళకు పోయి ఆ వస్తువు వాళ్ళ చేతికి ఇచ్చేవాణ్ణి. త్రిపురాంతకం వైపు, యర్రగొండపాలెం వైపు, గిద్దలూరు వైపు. ఏమీ చెప్పకుండా, ఏమీ అడగకుండా కూర్చుని చూసేవాణ్ణి. అడిగితే మన మనసు నొప్పించకుండా బాగుందనే అంటారు. చూస్తేనే తెలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇదంతా టైము దండగ అనేవాళ్ళు. వాళ్ళను వెంటబెట్టుకుని పోయేవాణ్ణి.

నీళ్ళు

మరుసటి ఏడు తొలకరికి ముందు టీకాలతో పాటు ఇంకో సీసా పట్టుకుపోయాను. మా ఫ్యాక్టరీలో మందుకు వాడే నీళ్ళు, ఒక లీటరు. నాయన కూడా వచ్చాడు.

గురవమ్మత్త నీళ్ళ సీసా తీసుకుని నీడన పెట్టింది. ఆ పొద్దంతా సూదుల పని. మధ్యాహ్నానికి పని అయ్యాక కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, ఆ సీసాను రెండు చేతులతో, కదలకుండా, ఎండకు ఎత్తింది. అడుగు వైపు చాలాసేపు చూసింది. మూత తీసి అరచేతిలో పోసుకుని రుచి చూసింది.

"చప్పగా ఉండాయి," అంది. మళ్ళీ అడుగు చూసింది. "మడ్డి మాత్రం లేదు. మంచి నీళ్ళే. ఇంక నీ ఉద్యోగానికేం భయం లేదులే అల్లుడా. ఏడాది నుంచి అదే దిగులు నాకు."

పద్నాలుగు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. నేను బీరపాదు వైపు తిరిగి నిలబడ్డాను. నా భుజాలు కదలడం నాయన చూసినట్టున్నాడు.

"గురవమ్మా," అన్నాడు వెనక నుంచి, "ఆ నీళ్ళేవో వానికి కొంచెం తాపు."